షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా మొదటి ఏడాది: చెడ్డ వార్త నీ దాకా రావాలి

నాయనా, నీ ప్రశ్న జాగ్రత్తగా చదివాను. యర్రగుంట్ల పక్క సిమెంట్ ఫ్యాక్టరీలో నిన్నమొన్నటి దాకా జూనియర్ ఇంజినీర్‌గా ఉండి ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయ్యావు. కంట్రోల్ రూమ్‌లో నీ కింద పనిచేసే పెద్దాయన మీ ఊరివాడే, వరసకు మామ అవుతాడు, నీ మాట లెక్కచేయడు. కాంట్రాక్ట్ కుర్రాళ్లు ఏదైనా తేడా జరిగితే దాచిపెడతారు. మొన్న సి షిఫ్ట్‌లో, అంటే రాత్రి షిఫ్ట్‌లో, సైక్లోన్ (ముడిపొడిని వేడిచేసే టవర్‌లోని గరాటులాంటి పెద్ద పాత్ర) జామ్ అయిన సంగతి నీకు ఆలస్యంగా తెలిసింది. పొద్దున మీటింగ్‌లో మేనేజర్ అందరి ముందూ నీ మీద అరిచాడు. ఇకమీదట స్ట్రిక్ట్‌గా ఉండాలా, ఫ్రెండ్లీగా ఉండాలా, డిస్టెన్స్‌లో ఎంబీఏ చేస్తే ఉపయోగమా అని అడిగావు.

నేను ఈ జిల్లాలోనే సిమెంట్ ప్రొడక్షన్‌లో పనిచేసి, రిటైరయి, ప్రొద్దుటూరులో ఉంటున్నాను. షిఫ్టులు నడిపాను, తర్వాత షిఫ్టులు నడిపేవాళ్లను నడిపాను. నువ్వు మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది: జామ్ సంగతి నీకు ఆలస్యంగా తెలిసింది. స్ట్రిక్టా, ఫ్రెండ్లీయా అనే లెక్క తర్వాత చూద్దాం. నీ షిఫ్ట్‌లో ఏదైనా తేడా వస్తే అది ఎన్ని నిమిషాల్లో నీ చెవిన పడుతుంది? ఇన్‌చార్జ్ పనితనాన్ని నేను ఎప్పుడూ దీనితోనే కొలిచాను. టన్నుల లెక్క దీని వెనకాలే వస్తుంది.

ఈ పని తెలియనివాళ్లూ చదువుతారు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. పొడి చేసిన సున్నపురాయి మిశ్రమం ప్రీహీటర్ టవర్‌లో ఒక సైక్లోన్ నుంచి ఇంకో సైక్లోన్‌లోకి దిగుతూ, వేడెక్కుతూ కిల్న్‌లోకి, అంటే దాన్ని కాల్చే పెద్ద కొలిమిలోకి, వెళ్తుంది. చివరి సైక్లోన్‌కు వచ్చేసరికి దాని వేడి 800 డిగ్రీలు దాటి ఉంటుంది. కింది గొట్టం ఎక్కడైనా పూడుకుపోతే పైనుంచి వచ్చేది వస్తూనే ఉంటుంది, లోపల పేరుకుంటూనే ఉంటుంది. గంటకు 180 టన్నుల ఫీడ్ (లోపలికి పంపే పొడి) నడుస్తోందనుకో, నిమిషానికి 3 టన్నులు. పది నిమిషాలు ఎవరూ నోరు విప్పకపోతే 30 టన్నులు. దాన్ని మళ్లీ మనుషులే దింపాలి. పోక్ హోల్ (పొడవడానికి ఉంచిన రంధ్రం) తెరిచి, రాడ్లు, ఎయిర్ లాన్సులు (గాలి ఊదే గొట్టాలు) పెట్టి పొడవాలి. అంత వేడిలో ఆ పొడి నీళ్లలా పారుతుంది. ఒక్కసారిగా బయటికి చిమ్మితే ఎదురుగా ఉన్నవాడికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. వెంటనే ఫీడ్ కట్ చేస్తే చిన్న పనితో పోయేది, పది నిమిషాలు ఆలస్యమైతే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇప్పుడు ఆలోచించు. సైక్లోన్ కింది గొట్టంలో పొడి దిగేకొద్దీ ఊగే ఫ్లాప్ ఆగిపోయిందని ముందు కంటితో చూసేది టవర్ మీద తిరిగే కుర్రాడు. డ్రాఫ్ట్‌లో (గాలి లాగుడులో), టెంపరేచర్‌లో తేడా ముందు స్క్రీన్ మీద చూసేది మీ మామ. నువ్వు మూడోవాడివి. నీ పైన మేనేజర్ నాలుగోవాడు. జీతం పెరిగేకొద్దీ వార్త ఆలస్యంగా చేరుతుంది. ఏ ఫ్యాక్టరీలోనైనా ఇంతే, ఏ ఆఫీసులోనైనా ఇంతే. ముందున్న ఇద్దరిలో ఒక్కరికి నోరు తెరవడానికి భయం వేసినా నీ చదువు, నీ అనుభవం ఆ పూట ఎందుకూ పనికిరావు.

కుర్రాళ్లు దాచిపెడతారని కోపంగా రాశావు. వాడి స్థానంలో నిలబడి చూడు. వాడి చేతిలో ఉన్నది గేట్ పాస్ ఒక్కటే. రేపటినుంచి రావద్దని మేస్త్రి ఒక మాట అంటే అంతే. ఏదో తేడాగా ఉందని వాడికి అనుమానం వచ్చింది. చెబితే 'నువ్వేం చేస్తున్నావ్ అక్కడ' అని తిట్లు పడటం ఖాయం. చెప్పకపోతే దానంతట అదే సర్దుకోవచ్చు, లేదా వేరేవాడి మీదికి పోవచ్చు. వాడికున్న అనుభవాన్ని బట్టి చూస్తే నోరు మూసుకోవడమే తెలివైన పని. చెప్పడం వల్ల నష్టం లేదని వాడికి అనుభవం మీద తెలిసేలా చేయడం నీ ఉద్యోగంలో మొదటి భాగం. ఉపన్యాసాలతో అది కాదు. పని మొదలయ్యే ముందు జరిగే టూల్‌బాక్స్ మీటింగ్‌లో 'ఏ సమస్య ఉన్నా నాకు చెప్పండి' అని ప్రతి ఇన్‌చార్జూ అంటాడు, ఎవరూ నమ్మరు. ఎవడో ఒకడు నిజంగా వచ్చి చెప్పినప్పుడు మొదటి నిమిషంలో నీ మొహం ఎలా ఉందో చూసి నమ్ముతారు. ఆ ఒక్కడితో నువ్వు మాట్లాడిన తీరు టీ తాగేలోపు షిఫ్ట్ మొత్తానికి తెలిసిపోతుంది.

అందుకని ఆ మొదటి నిమిషానికి మాటలు ముందే సిద్ధం చేసుకో. అర్ధరాత్రి టెన్షన్‌లో మంచి మాటలు వాటంతట అవి రావు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ముందు అడుగు. ఇప్పుడు పరిస్థితి ఏంటి, నీకు ఏం కావాలి అన్నవి ఆ తర్వాత. 'ఎందుకు జరిగింది' అన్నది ఆ రాత్రికి వద్దు. పని సర్దుకున్నాక, ఒంటిమీది చెమట ఆరాక, మర్నాడు పగటిపూట కూర్చుని అడుగు. 'ఎవరు' అన్న ప్రశ్న అన్నిటికంటే చివర రావాలి. చాలాసార్లు 'ఎందుకు' తేలేసరికి 'ఎవరు'తో అవసరమే ఉండదు. ఫ్లాప్ దగ్గర లైటు లేదనో, వాకీటాకీలో ఛార్జింగ్ నిలవడం లేదనో, ఆ అంతస్తు దుమ్ముకు మనిషి అక్కడ నిలబడలేకపోతున్నాడనో తేలుతుంది.

టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో లైన్ పొడవునా ఒక తాడు ఉండేది, ఆండాన్ తాడు అంటారు. ఎంత చిన్న ఉద్యోగి అయినా తేడా కనిపిస్తే లాగొచ్చు. లాగగానే టీమ్ లీడర్ అతని దగ్గరికి వస్తాడు. ఆ స్థానంలో పని ముగిసే వేళకు సరిచేయలేకపోతే లైన్ ఆగుతుంది. దీన్ని చూసి ప్రపంచంలో చాలా కంపెనీలు తాళ్లు కట్టాయి, బటన్లు పెట్టాయి. తాడు కట్టడం ఎవరికైనా చేతనవుతుంది. లాగినవాడి దగ్గరికి లీడర్ ఏ మొహంతో వస్తాడన్నదే అసలు విషయం. నీ షిఫ్ట్‌లో ఆ కుర్రాడు కంగారుపడి ఫీడ్ కట్ చేయించాడు, తీరా చూస్తే జామ్ లేదు అనుకో. గంట ప్రొడక్షన్ పోయింది. అప్పుడు కూడా అందరూ వినేలా 'మంచి పని చేశావు, మళ్లీ అనుమానం వస్తే మళ్లీ చెప్పు' అనాలి. ఆ గంట ప్రొడక్షన్‌తో నువ్వు కొనుక్కున్నది చాలా విలువైనది.

ఇక వాట్సాప్ సంగతి. ఇప్పుడు ప్రతి డిపార్ట్‌మెంట్‌కూ ఒక గ్రూపు ఉంటోంది. రాత్రి కునుకు తీస్తున్న మనిషిని ఫోటో తీసి గ్రూపులో పెట్టడం, తప్పుగా బిగించిన బోల్ట్ ఫోటో పెట్టి కింద పేరు రాయడం కొన్నిచోట్ల క్రమశిక్షణగా చలామణీ అవుతోంది. దయచేసి ఆ దారిన పోవద్దు. ఆ ఫోటో వాడి భార్య చూస్తుంది, బావమరిది చూస్తాడు, ఊరంతా చూస్తుంది. ఒక్కసారి అలా పరువు పోయినవాడు నీ షిఫ్ట్‌లో మళ్లీ నోరు విప్పడు, అది చూసిన పదిమందీ విప్పరు. మెచ్చుకోలు గ్రూపులో పెట్టు. మందలింపు మాత్రం నువ్వూ వాడూ ఉన్నచోట, తలుపు వేసి. సి షిఫ్ట్‌లో తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య మనిషి ఒళ్లు ఎలాగూ నిద్ర కోరుకుంటుంది, చురుకుదనం బాగా తగ్గేది అప్పుడే. ఆ వేళకు ప్రమాదకరమైన పని పెట్టకు. నువ్వే లేచి టవర్ చుట్టూ రౌండ్ వెళ్లు, కుర్రాణ్ని కదిలించు, టీ తెప్పించు. పగలు ఇంట్లో పిల్లలు, పొలం పనులు, నిద్రలేదు అని తెలిస్తే రోస్టర్ చూడు. ఇవన్నీ చేశాక కూడా రోజూ పడుకుంటే అప్పుడు రాతపూర్వకంగా చర్య తీసుకోవచ్చు.

అంటే దేనికీ శిక్ష వద్దంటున్నావా అని అడుగుతావు. వద్దనడం లేదు. పొరపాటు చేసి చెప్పినవాడు వేరు, తెలిసి తెలిసి దాచినవాడు వేరు. లాకౌట్ పెట్టకుండా (కరెంటు ఆపి తాళం వేయకుండా) కన్వేయర్ మీద చేయి పెట్టినవాడు, పర్మిట్ (పనికి రాతపూర్వక అనుమతి) లేకుండా పోక్ హోల్ తెరిచినవాడు వేరు. మొదటివాడికి నేర్పించాలి. రెండోవాడికి గట్టిగా ఒకసారి చెప్పాలి, మళ్లీ చేస్తే రాతలో పెట్టాలి. మూడోవాడు నీకు ఎంత ఇష్టమైనవాడైనా ఆ పూట పనిలోంచి పక్కకు తప్పించాల్సిందే. కానీ ఆ అడ్డదారి అందరూ రోజూ తొక్కుతున్నదే అయితే ఒక్కణ్ని పట్టుకుని శిక్షించడం అన్యాయం. అప్పుడు సరిచేయాల్సింది ఆ అలవాటును. స్ట్రిక్టా, ఫ్రెండ్లీయా అన్న నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. నవ్వుతూ మాట్లాడు, గట్టిగా మాట్లాడు, అది నీ స్వభావం. ఏ పనికి నువ్వు ఏమంటావో మనుషులకు ముందే తెలిసి ఉండాలి. మేనేజర్ తిట్టిన రోజు ఒకలా, ప్రొడక్షన్ బాగా వచ్చిన రోజు ఒకలా ఉండే ఇన్‌చార్జ్ దగ్గర మనుషులు పని మానేసి వాడి మూడ్ చదువుతూ కూర్చుంటారు.

షిఫ్ట్ మారేటప్పుడు చేసే హ్యాండోవర్ గురించి నువ్వు ఏమీ రాయలేదు. నీ సమస్యలో సగం అక్కడే ఉంటుందని నా అనుమానం. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక పేలి 167 మంది చనిపోయారు. పగటి షిఫ్ట్‌వాళ్లు ఒక పంపుకు సంబంధించిన సేఫ్టీ వాల్వ్ విప్పి, ఆ చోట తాత్కాలికంగా మూత బిగించి వెళ్లారు. పని పూర్తి కాలేదని పర్మిట్ కాగితం ఉంది, కానీ ఆ సంగతి రాత్రి నడిపేవాళ్లకు అందలేదు. రెండో పంపు ఆగిపోయేసరికి వాళ్లు వాల్వ్ విప్పిన ఈ పంపును స్టార్ట్ చేశారు. కాగితం రాశాం కదా అన్న ధీమా ఎంత పనికిరానిదో దీన్ని బట్టి తెలుస్తుంది. నువ్వు షిఫ్ట్ టైమ్‌కు పావుగంట ముందు వెళ్లు. దిగిపోయే ఇన్‌చార్జ్‌తో కుర్చీలో కూర్చుని మాట్లాడి వదిలేయకుండా, వీలైతే అతన్ని వెంటబెట్టుకుని తేడాగా ఉన్న చోటుకు నడువు. 'అంతా నార్మల్' అని లాగ్‌బుక్‌లో ఉంటే నమ్మకు. అలారం మోగుతోందని ఏది మ్యూట్ చేశారు, ఏ ఇంటర్‌లాక్ (ప్రమాదం వస్తే యంత్రాన్ని దానంతట అదే ఆపే ఏర్పాటు) బైపాస్‌లో, అంటే పనిచేయకుండా పక్కన పెట్టి, ఉంది, ఎవరు పెట్టారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పటికి తీయాలి, ఇవి నోటితో అడిగి, రాతలో చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టు. నువ్వు దిగేటప్పుడు కూడా అలాగే ఇవ్వు. నీ షిఫ్ట్‌లో జరిగిన అవకతవకలు నువ్వే ముందు రాస్తే, నీ కింది వాళ్లకు రాయడం అలవాటవుతుంది.

మీ మామ సంగతికి వస్తాను. నీకంటే రెండింతల సర్వీసు ఉన్న మనిషి. కిల్న్ మంట రంగు చూసి చెప్పగలిగే తరం. నిన్న మొన్న నీకు బర్నర్ గురించి నేర్పించినవాడు కూడా ఆయనే అయి ఉండొచ్చు. ఆయన్ను ఎప్పటిలాగే మామా అని పిలువు. ఇప్పుడు కొత్తగా పేరుపెట్టి, పోస్టు పెట్టి పిలిస్తే ఊళ్లో నీకే చెడ్డపేరు, ఫ్యాక్టరీలో ఆయనకు పంతం. అలాగని నిర్ణయం ఆయనకు వదిలేయకు. షిఫ్ట్ మొదట్లో, మిగతావాళ్లు చేరకముందు, ఒక్కడివే వెళ్లి అడుగు: 'మామా, ఈ రాత్రి నీకు ఎక్కడ అనుమానంగా ఉంది?' అని. ఆయన చెప్పింది విను, అందులో ఒకటైనా ఆ రాత్రే చేసి చూపించు. ఫలానా మామ చెబితే చేశాం అని పదిమందిలో చెప్పు. వద్దనుకున్నదాన్ని ఎందుకు వద్దనుకున్నావో ఆయనకే చెప్పు. భద్రత విషయంలో మాత్రం మామైనా అల్లుడైనా ఒకటే నియమం. అది ముందే, నెమ్మదిగా, ఏ గొడవా లేని రోజు చెప్పి పెట్టుకో. పోకింగ్ (జామ్‌ను పొడిచి దింపే) పని కొత్త కుర్రాళ్లకు నేర్పే బాధ్యత ఆయనకు అప్పగించమని మేనేజర్‌ను అడుగు. పెద్దవాళ్లు మాట వినకపోవడానికి చాలాసార్లు కారణం తమ విద్య ఎవరికీ అక్కర్లేకుండా పోయిందన్న బాధ. ఆ బాధ తీరితే నువ్వు చెప్పకముందే నీ షిఫ్ట్‌ను ఆయన కాపాడతాడు.

కాంట్రాక్ట్ వాళ్ల గురించి ఇంకొంచెం. జీతం పెంచే అధికారం నీకు లేదు, నిజమే. కానీ హాజరు సరిగ్గా పడుతోందా, ఓవర్‌టైమ్ రిజిస్టర్‌లో ఎక్కుతోందా అన్నది నీ కళ్ల ముందే ఉంటుంది. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు ఇవ్వాలి, జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి. నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవాడికి ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) ఉండాలి. అందులో వర్కర్ వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ఫ్యాక్టరీయే ఇచ్చి అతని దగ్గర రాబట్టుకోవాలన్నది 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం నాటినుంచీ ఉన్న మాట. ఇవి తెలుసుకుని, తేడా కనిపిస్తే హెచ్‌ఆర్‌కు రాతలో చెప్పు. కుర్రాడి ఈఎస్‌ఐ కార్డు గురించి నువ్వు ఒక మెయిల్ పెట్టావని తెలిస్తే, వాడు ఫ్లాప్ గురించి నీకు ఫోన్ చేస్తాడు. ఈ రెండింటికీ సంబంధం ఉంది, నేను కళ్లారా చూశాను.

మన కడప ఎండలు నీకు చెప్పక్కర్లేదు. మే నెలలో కింద 40 దాటితే టవర్ పై అంతస్తుల్లో ఇంకా ఎంత ఉంటుందో నువ్వు ఎక్కి చూసినవాడివే. వేడి దగ్గర చేసే శుభ్రం పనులు పొద్దున్నే పెట్టించు, మధ్యాహ్నం మనుషుల్ని మార్చి మార్చి పంపు, మజ్జిగ పైదాకా వెళ్లేలా చూడు. కింద క్యాంటీన్‌లో పెట్టి 'ఉంది కదా' అంటే పైనున్నవాడికి లేనట్టే. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లను ముందే అడిగి షిఫ్టులు సర్దు. బి షిఫ్ట్‌లో (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా నడిచేది) ఇఫ్తార్‌కు కంట్రోల్ రూమ్ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టు. సంక్రాంతికి, ఉగాదికి వాళ్లే వచ్చి మిగతావాళ్ల డ్యూటీ మోస్తారు. ఇది ఎవరూ సర్క్యులర్ వేసి చెప్పే విషయం కాదు, ఇన్‌చార్జే చూసుకోవాలి.

ఇప్పుడు నీ పైనున్న మేనేజర్. కింది నుంచి చెడ్డ వార్త రావాలని కోరుకునేవాడు పైకి కూడా దాన్ని మోసుకెళ్లాలి. నిన్ను మీటింగ్‌లో అరవడం తప్పు, ఆ తప్పు ఆయనది. కానీ మీటింగ్‌లో అందరితో పాటు ఆయనకూ కొత్తగా తెలియడం ఆయన్ను ఇంకా రెచ్చగొట్టి ఉంటుంది. ఇకమీదట షిఫ్ట్ దిగకముందే ఫోన్ చెయ్యి. ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉంది, ఎంత పోయింది, ఏం చేస్తున్నాం, ఇంతే, ఒక నిమిషంలో. కుర్రాడి పేరు చెప్పకు. 'నా షిఫ్ట్‌లో' అను. పేరు చెప్పావని సాయంత్రానికి కింద తెలుస్తుంది, అప్పటిదాకా కట్టుకున్నదంతా కూలిపోతుంది.

పైవాళ్లకు ఇష్టంలేని మాట చెప్పడానికి మన సీమ చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టర్. పరాయి ప్రభుత్వం మనిషే, శిస్తు వసూలుకు వచ్చినవాడే. అయినా కచేరీలో కూర్చోకుండా గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగి, రైతులతో నేరుగా మాట్లాడాడు. తన చేతిమీదుగానే భూముల సర్వే జరిగి శిస్తు నిర్ణయమైంది. చివరికి 1807లో ఆయనే, శిస్తు భారం ఎక్కువగా ఉంది, 25 శాతం తగ్గించాలని పైకి రాశాడు. ఆదాయం కావాలని కూర్చున్న ప్రభుత్వానికి అది రుచించలేదు, ఒప్పుకోలేదు. 1820లో ఆయన మద్రాసు గవర్నర్ అయ్యాక అమలైంది. 1827లో ఈ జిల్లాలకే పర్యటనకు వచ్చి పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఊళ్లు సీమలో ఉన్నాయి. నీ మేనేజర్‌కు టార్గెట్ మీద నిజమైన మాట చెప్పాల్సి వచ్చినప్పుడు, తిరిగి చూసిన లెక్కతో వెళ్లు. 'కుదరదు సార్' అంటే తిడతాడు. 'ఈ ఫీడ్ మీద ఈ నెలలో ఇన్నిసార్లు జామ్ అయింది, ఆగిన గంటలు ఇవి, కొంచెం తగ్గించి నడిపితే నెల మొత్తం మీద ఇంత వస్తుంది' అంటే వింటాడు. మొదటిసారి వినకపోయినా రాతలో పెట్టు. రెండోసారి అదే అంకెలతో మళ్లీ వెళ్లు.

ఎంబీఏ చేయాలనుంటే చెయ్యి, చదువు ఎప్పుడూ వృథా కాదు. కానీ ఈ ఏడాది వద్దు. షిఫ్టులు మారుతూ, నిద్ర సరిగ్గా లేక, పరీక్షలంటూ తిరిగితే రెండూ చెడతాయి. ఈ ఏడాది అకౌంట్స్‌లో ఎవరినైనా పరిచయం చేసుకుని నెలనెలా మీ ప్లాంట్ కాస్ట్ షీట్ చదవడం నేర్చుకో. క్లింకర్ (కిల్న్‌లోంచి వచ్చే కాలిన గడ్డలు) కిలోకు ఎన్ని కిలోక్యాలరీలు పడుతోంది, సిమెంట్ టన్నుకు ఎన్ని యూనిట్ల కరెంటు పడుతోంది చూడు. మన దేశంలో మంచి ప్లాంట్లు కిలో క్లింకర్‌కు సుమారు 700 కిలోక్యాలరీల దగ్గర నడుస్తాయి. ఒక్కసారి కిల్న్ ఆగి మళ్లీ వేడెక్కడానికి ఎంత బొగ్గు ఖర్చవుతుందో ఆ షీట్‌లో నీకే కనిపిస్తుంది. ఆ అంకె దొరికాక దాన్ని మీ కంట్రోల్ రూమ్‌లో మామకూ, టవర్ కుర్రాళ్లకూ చూపించు. వాళ్లకు ఇప్పటిదాకా ఎవరూ చూపించి ఉండరు.